బొచ్చెకు పెట్టిన పళ్లు

గొల్లలగుట్ట,
జమ్మలమడుగు తాలూకా, కడప జిల్లా
1957 ఫిబ్రవరి 12

ప్రియమైన లేవికి,

నీ బావ ఏసేపు, మీ అక్క విశ్వాసమ్మ ప్రభువు నామంలో చెప్పే వందనాలు. మేం క్షేమం. నువ్వు క్రిస్మసుకు రాలేదని మీ అక్క ఇంకా అలిగే ఉంది. బేతంచెర్ల గనిలో రాళ్లకు సెలవు లేదు సరే, మనుషులకు కూడా లేదా అని అడగమంది. అడిగాను, నా పని అయింది.

ఇక్కడి విశేషం ఏమిటంటే మన పెద్దరైతు శేషన్న ట్రాక్టరు కొన్నాడు. తుంగభద్ర డ్యాము పనులు ముగిశాక పాత యంత్రాలు వేలం వేస్తే తెచ్చుకున్నాడు. దాని ముందు రెండు ఇనుప చేతులు, ఆ చేతుల చివర ఇద్దరు కూర్చోగలిగేంత ఇనుప బొచ్చె. మీట లాగితే బొచ్చె లేస్తుంది, ఇంకో మీటకు వంగి మట్టి పోస్తుంది. యుద్ధంలో లారీ తోలినవాణ్ణని నన్నే డ్రైవరుగా పెట్టుకున్నాడు. ఊరంతా నన్ను గొప్పగా చూస్తోంది. మీ అక్క మాత్రం నా చొక్కాల నూనె మరకలు చూసి తిడుతోంది.

మన పేట వెనక చౌడు నేలలో కుంట తవ్వుకోవడానికి శేషన్న ఒప్పుకున్నాడు. సేద్యం పనులు మొదలయ్యేదాకా ట్రాక్టరు వాడుకోమన్నాడు. మన ఆడవాళ్లు ఊరిబావి దగ్గర కడవలు పెట్టుకుని, ఎవరైనా తోడి పోసేదాకా ఎంతసేపు నిలబడతారో నీకు చెప్పనక్కర్లేదు. కుంట ఉంటే ఆ నిలబడటం తప్పుతుంది.

చిక్కు ఎక్కడంటే ఈ బొచ్చె వదులు మట్టిని ఎత్తుతుంది గాని గట్టి నేలను తవ్వదు. జానెడు లోతు పోగానే గరుసు రాతిపొర తగులుతోంది. బొచ్చె అంచు దాని మీద జారిపోతుంది, ట్రాక్టరు ముందుకాళ్లు ఎత్తుతుంది. అంచుకు పళ్లు పెడితే తవ్వుతుందని నాకు తోచింది. కమ్మరి బొజ్జన్నను అడిగితే ఉత్సాహపడ్డాడు. "మన కొలిమికాడ తిత్తి ఊదినోడే గదప్పా లేవి. గనిలో పెద్ద పన్లు చూసింటాడు. కొలతలు రాయమను, నేను కొట్టిస్తా" అన్నాడు. ఆరూళ్ల నాగళ్లకు కర్రులు కొట్టే మనిషి నీ పేరు అంత ఆదరంగా ఎత్తితే నాకు సంతోషమైంది. వెంటనే రాయి.

ఇట్లు,
నీ బావ
ఏసేపు


బేతంచెర్ల,
కర్నూలు జిల్లా
1957 ఫిబ్రవరి 24

ప్రియమైన బావకు,

వందనాలు. సెలవు దొరకలేదు, అక్కకు చెప్పు. ఇక్కడ నాపరాళ్లు తీసే ఉలులూ గడ్డపారలూ రోజుకు నూరు మొండిపోతాయి. అన్నిటికీ మళ్లీ పదును పెట్టేది నేనొక్కణ్ణే.

నీ ఆలోచన మంచిదే. ఇక్కడ ఒక కంట్రాక్టరు బండికి అలాంటి పళ్లు నేనే చేసి పెట్టాను. కొలతలు రాస్తున్నాను, జాగ్రత్తగా చదివి వినిపించు.

మామూలు ఇనుము పనికిరాదు, వంగిపోతుంది. పాత లారీ కమాను కట్ట తీసుకోవాలి, ప్రొద్దుటూరులో దొరుకుతుంది. ఐదు పళ్లు చాలు. ఒక్కొక్కటి పద్నాలుగు అంగుళాలు. అందులో ఎనిమిది అంగుళాలు బొచ్చె అడుగున పడుకోవాలి, ఆరు అంచు దాటి ముందుకు రావాలి. కొనను కొలిమిలో సాగదీసి ఉలిలా చెయ్యాలి, కాస్త కిందికి వంచాలి. పంటికి రెండు బోల్టులు. ఒక్కటే వేస్తే పన్ను పక్కకు తిరుగుతుంది. బొచ్చె లోపలివైపు అంచు పొడుగునా ఒక పట్టీ వేసి, బోల్టులు దాని గుండా బిగించండి. లేకపోతే అంచు రేకు చిరిగిపోతుంది. నువ్వు నేలలోకి నిటారుగా గుచ్చవద్దు, ఏటవాలుగా గీరుతూ పో.

పళ్లకు పదును పెట్టే పని బొజ్జన్నకు నేను చెప్పాలా? అది ఆయన ఇంటి విద్య.

ఇట్లు,
లేవి


గొల్లలగుట్ట
1957 ఏప్రిల్ 3

ప్రియమైన లేవికి,

వందనాలు. మంచి కబురు రాయాలని ఇన్నాళ్లు ఆగాను. రాయాల్సింది వేరే అయింది.

బొజ్జన్న పదిరోజులు ఇంకో పని పట్టలేదు. ప్రొద్దుటూరు పోయి కమాను కట్టను తానే ఏరుకొచ్చాడు. నీ ఉత్తరం నాచేత నాలుగుసార్లు చదివించుకుని, కొలతలు గోడ మీద బొగ్గుతో గీసుకున్నాడు. పళ్లు బిగించిన రోజు వాటికి పసుపు రాసి, కుంకం బొట్లు పెట్టాడు. నేను మనసులో ప్రార్థన చేసుకున్నాను. ఇద్దరు దేవుళ్లకూ చెప్పాం కదా, ఏం భయం అని నవ్వుకున్నాం.

మొదటిరోజు గరుసు పెళ్లలు పెళ్లలుగా లేచింది. మీ అక్క చేతులు జోడించి నిలబడిపోయింది. రెండోరోజు పొద్దున ఒక పన్ను టంగుమని విరిగింది. రాయి తగిలిందేమో అనుకున్నాం. మధ్యాహ్నానికి ఇంకో రెండు. చివరిదాని ముక్క ఎగిరిపోయి, గట్టు మీద కట్టేసిన శేషన్న ఎద్దు ముంగాలికి తగిలింది. ఎముక విరిగింది. ఇక అది కాడి మొయ్యదు.

శేషన్న ఆ ముక్క చేతిలోకి తీసుకుని అందరి ముందూ అన్నాడు: "ఇది ఇనుమా, గాజా? బొజ్జన్నా, నీ చెయ్యి పోయింది." ఆరూళ్లలోనూ ఆ మాట పాకింది. కర్రులు కొట్టించే కాలం ముందుంది. రైతులు ఈసారి జమ్మలమడుగు కమ్మరి దగ్గరికి పోదామని మాట్లాడుకుంటున్నారు. కొలిమి నడవకపోతే ఏటా కల్లాల్లో రైతులు కొలిచే గింజలు ఆయనకు రావు. దానికన్నా, నలభై ఏళ్లు ఆయన చేతిని ఒకరు వేలెత్తి చూపింది లేదు.

ఆయన నిన్ను ఒక్కటే అడగమన్నాడు. గడ్డపారకు పెట్టినట్టే ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచి పదును పెట్టాడట. అందులో తప్పుందా అని అడుగుతున్నాడు. ఉంటే నలుగురి ముందూ ఒప్పుకుంటానంటున్నాడు.

ఇంకో పంటి ముక్క ఎగిరి నాకు మోకాలి కింద చిన్న దెబ్బ తగిలింది. అక్క ఎక్కువ చేసి రాస్తుందేమో, నమ్మవద్దు.

ఇట్లు,
ఏసేపు


బేతంచెర్ల
1957 ఏప్రిల్ 15

ప్రియమైన బావకు,

ఉత్తరం అందింది. నీ కాలు చూపించుకో.

ఆ కమాను కట్టలో పాత పగులు ఉండి ఉంటుంది. వాడేసిన లారీల ఇనుము అలాగే ఉంటుంది, పైకి కనిపించదు. అంతకన్నా నాకు తెలియదు.

పని ఎక్కువగా ఉంది.

లేవి


గొల్లలగుట్ట
1957 మే 6

ప్రియమైన లేవికి,

వందనాలు. నీ ఉత్తరం నాలుగు ముక్కలే ఉంటే అక్క నీకు జ్వరమేమో అంది. ఒంట్లో ఎలా ఉందో రాయి.

నువ్వు రాసింది మంచికే రాశావు గాని ఇక్కడ వేరేలా అయింది. ఇనుము చెడ్డదని చదివి వినిపించగానే శేషన్న ఆ మాటే పట్టుకున్నాడు. ఏరుకొచ్చింది బొజ్జన్నే కదా, మంచి ఇనుమేదో చెడ్డదేదో తెలియని వాడు కమ్మరేమిటన్నాడు. ఇప్పుడు పొద్దున కొలిమి ముందు నుంచే రైతులు కర్రులు భుజాన వేసుకుని జమ్మలమడుగు దారి పడుతున్నారు. ఆయన తలుపు దగ్గర కూర్చుని చూస్తున్నాడు.

నిన్న నా దగ్గరికి వచ్చాడు. "ఇనుము చెడ్డది కాదప్పా. నేను సుత్తితో మోగించి చూసినా. తప్పు యాడనో నా పనిలోనే ఉండాది. లేవి కాడికి పోతాండా. వాడు చేసేది కండ్లారా చూసొస్తా" అన్నాడు. అరవై దాటిన మనిషి, ఈ ఎండల్లో బనగానపల్లె మీదుగా నడిచి వస్తున్నాడు. బస్సెక్కమంటే వినలేదు. నీకంటే పెద్దవాడు, నేర్చుకోవడానికి నీ గుమ్మం ముందుకు వస్తున్నాడు. బాగా చూసుకో.

ఇట్లు,
ఏసేపు


బేతంచెర్ల
1957 మే 22

ప్రియమైన బావకు,

వందనాలు. బొజ్జన్న వచ్చాడు, కాళ్లు బొబ్బలెక్కి ఉన్నాయి. రెండురోజులు ఉంచుకున్నాను. తాను వండుకుంటానంటే కొత్త కుండ, బియ్యం ఇప్పించాను. మర్యాదకు లోటు చెయ్యలేదు.

వర్క్‌షాపులో అతని ముందే ఒక పన్ను చేశాను. కాల్చడం, సాగదీయడం, వంచడం అన్నీ చూశాడు. ఆ పన్ను అతని చేతికే ఇచ్చి పంపాను. నడవకుండా రైలు టికెట్టు కూడా కొనిచ్చాను.

నా వల్ల అయ్యింది చేశాను. ఇక ఈ పళ్ల సంగతి నాకు రాయకపోతే మేలు. నాకు జ్వరం లేదు.

లేవి


గొల్లలగుట్ట
1957 జూలై 9

ప్రియమైన లేవికి,

రాయవద్దన్నావు. రాయక తప్పడం లేదు.

నువ్వు పంపిన పన్ను బొచ్చెకు నడిమధ్యన బిగించాను. అది విరగలేదు. శేషన్న సేద్యానికి ట్రాక్టరు తీసుకున్నా, వారానికి ఒక పూట నాకు వదులుతున్నాడు. ఆ ఒక్క పంటితో గరుసును గీరి, బొచ్చెతో ఎత్తి పోస్తున్నాను. మిగతాది పేటవాళ్లు గంపలతో మోస్తున్నారు. కుంట నడుములోతుకు వచ్చింది. నువ్వు సంతోషించాల్సిన మాట ఇది.

కానీ ఆ పన్ను నిలబడే కొద్దీ బొజ్జన్న కూలిపోయాడు. లేవి పన్ను నిలిచింది, నీ పళ్లే విరిగాయి, ఇంకేం చెబుతావని అడగని మనిషి లేడు. పోయిన నెల, ఇనుము పెట్టి కొట్టే దాగలి అమ్మేశాడు. వాళ్ల తాత నాటి దాగలి అది. ప్రొద్దుటూరు వ్యాపారి బండి తెచ్చి ఎత్తుకుపోయాడు. మర్నాటి నుంచి మన కుంటలోకి వచ్చి గంప మోస్తున్నాడు. వద్దంటే వినడు.

నేను ఊరుకోలేక అడిగాను. లేవి దగ్గర అన్నీ చూశావు కదా, అలాగే ఇంకో నాలుగు చేసి చూపిస్తే పోయేది కదా అని. గంప దించి "నీళ్లు తెచ్చినాలే అప్పా" అన్నాడు. అంతే, గంప ఎత్తుకుని పోయాడు.

నాకు అర్థం కాలేదు. ఇంటికొచ్చి మీ అక్కకు చెప్పాను. సంగటి కెలుకుతున్నది తెడ్డు వదిలేసి లోపలికి పోయింది. ఎంత అడిగినా చెప్పదు. చివరికి ఒక మాట అంది: "మా తమ్మునికే రాయి. ఆ మాట వానికి అర్థమవుతాది."

రాశాను. ఆ నీళ్లేమిటి లేవీ?

ఏసేపు


బేతంచెర్ల
1957 ఆగస్టు 18

బావకు,

నీ ఉత్తరం వచ్చి నెల దాటింది. జవాబు మూడుసార్లు రాసి చించేశాను. మొదటిసారి మరిచిపోయానని రాశాను. అది అబద్ధం. మరిచిపోలేదు.

నాకు ఇరవై ఏళ్లప్పుడు రెండు వేసవులు బొజ్జన్న కొలిమి దగ్గర తిత్తి ఊదానని నీకు తెలుసు. అక్క పెళ్లికి ముందు సంగతి. కూలికి పోలేదు, పని నేర్చుకుందామని పోయాను. కాల్చడం చూపించాడు, కొట్టడం చూపించాడు. ఇనుము ఎర్రబడి పదును పెట్టే వేళకు మాత్రం, "లేవీ, పోయి నీళ్లు తేపో" అనేవాడు. తొట్టిలో నీళ్లు నిండుగా ఉన్నా అనేవాడు. వంక దాకా పోయి కడవ తెచ్చేసరికి ఇనుము చల్లారి పక్కన ఉండేది. పదును వాళ్ల ఇంటి విద్య, బయటివాడి కంట పడకూడదు. అందులోనూ నేను పేటవాణ్ణి. రెండో వేసవి చివర అడిగేశాను, నాకు ఎప్పుడు చూపిస్తావని. నవ్వాడు. ఆ నవ్వు మీదే నేను ఊరు విడిచాను. ఇంటికొచ్చి ఏడ్చింది అక్క ఒక్కతే చూసింది.

ఫిబ్రవరిలో నీకు కొలతలు రాసిన ఉత్తరం నేను రెండుసార్లు రాశాను. మొదటి దాంట్లో పదును సంగతి పూర్తిగా ఉంది. రాసి, మడిచి, మళ్లీ విప్పాను. ఆ పేరా తీసేసి కొత్త కాగితం మీద ఎక్కించాను. అది ఆయన ఇంటి విద్య అని కింద ఒక పుల్లవిరుపు మాట కూడా చేర్చాను. పళ్లు విరిగితే నన్ను పిలిపిస్తారని, ఆయన ముందు నిలబడి నేను చేసి చూపిస్తానని అనుకున్నాను. ఎద్దు కాలు, నీ కాలు, ఆయన పేరు, ఇవేవీ నా లెక్కలో లేవు. తర్వాత ఆయన సూటిగా అడిగాడు, నీళ్లు తప్పా అని. అప్పుడైనా చెప్పొచ్చు. ఇనుము మీదికి నెట్టాను.

ఇక్కడికి వచ్చినప్పుడు అంతకన్నా పాపం చేశాను. అన్నీ చూశాడని రాశాను కదా. కాల్చాను, సాగదీశాను, వంచాను. పన్ను మళ్లీ కొలిమిలో పెట్టి, రంగు రాగానే ఆయన వైపు తిరిగి, "నీళ్లు తేపో" అన్నాను. కొళాయి గని అవతలి చివర ఉంది. ఆయన నా ముఖం ఒకసారి చూశాడు. కడవ తీసుకుని, ఆ బొబ్బల కాళ్లతో పోయాడు. తెచ్చి నా పక్కన దించాడు. బావా, నన్ను తిట్టి ఉంటే నేను బతికిపోయేవాణ్ణి. అప్పటి నుంచి కొలిమి దగ్గర కడవ చూస్తే నాకు చెయ్యి ఆడటం లేదు.

ఇప్పుడు ఇది నలుగురి ముందూ చదువు. శేషన్న ఉండాలి, కర్రులు జమ్మలమడుగు మోసుకుపోయిన రైతులు ఉండాలి.

గడ్డపారకు నీళ్లు సరిపోతాయి. కమాను కట్టకు నీళ్లు తగిలితే గాజైపోతుంది. మోదుగ పువ్వు రంగు రాగానే నూనెలో ముంచాలి, ఆముదమైనా వేరుసెనగ నూనైనా సరే. చల్లారాక తీసి, రాయితో రుద్ది మెరిపించి, సన్నని సెగ మీద మళ్లీ కాచాలి. మెరుపు మీద మొదట పసుపు వస్తుంది, దాని వెనక నెమలి మెడ రంగు వస్తుంది. ఆ రంగు కొన దాకా రాగానే తీసి బూడిదలో పెట్టాలి. ఇంతే. బొజ్జన్న చెయ్యి పోలేదు. ఆయన ఏరుకున్న ఇనుము మంచిది, కొట్టిన కొట్టుడు మంచిది. పళ్లు విరగడానికి కారణం నేను.

చదివాక ఆయన ఏమన్నా, ఉన్నది ఉన్నట్టు రాయి. తగ్గించవద్దు.

లేవి


గొల్లలగుట్ట
1957 అక్టోబరు 14

లేవికి,

ఉత్తరం చదివాక ఇన్నాళ్లు నీకు జవాబు రాయబుద్ధి కాలేదు. నీ మీద కోపం వచ్చింది, ఇప్పటికీ పూర్తిగా పోలేదు. నా కాలు ఇంకా కుంటుతోంది. చిన్న దెబ్బ అని నీకు రాసింది నా అబద్ధం. నీ మీద కోప్పడాలంటే నేనూ శుద్ధుణ్ణి కావాలి కదా అని ఒప్పుకుంటున్నాను.

ఉత్తరం అందిన వారమే, ఆదివారం ఆరాధన అయ్యాక, మూతపడిన కొలిమి ముందే చదివాను. శేషన్న వచ్చాడు. రైతులు వచ్చారు. పేటంతా వచ్చింది. బొజ్జన్న గంప బోర్లించి దాని మీద కూర్చున్నాడు. మరిచిపోలేదని నువ్వు రాసిన చోట తల ఎత్తాడు. నీళ్ల సంగతి వచ్చేసరికి మీ అక్క నా చేతిలోని కాగితం తీసుకుని తాను చదివింది. నెమలి మెడ రంగు దగ్గర ఆయన మళ్లీ చదవమ్మా అన్నాడు. మళ్లీ చదివింది. ఆయన పెదవులు ఆ మాటలు తనలో తాను చెప్పుకున్నాయి.

శేషన్న లేచి, అందరి ముందూ అన్న మాట అందరి ముందే వెనక్కి తీసుకుంటున్నానన్నాడు. దాగలి తిరిగి తెప్పిస్తానన్నాడు. ప్రొద్దుటూరుకు మనిషిని పంపితే, ఆ వ్యాపారి దాన్ని ఎప్పుడో మద్రాసుకు పాత ఇనుములో పంపేశాడని తెలిసింది. కొత్తది కొనిస్తానంటే బొజ్జన్న వద్దన్నాడు. తాత చెయ్యి, నాన్న చెయ్యి పడిన దాగలి పోయాక సుత్తి ఎత్తబుద్ధి కావడం లేదన్నాడు. మేం ఎంత చెప్పినా ఆ మాట మారలేదు. ఉన్నది ఉన్నట్టు రాయమన్నావు, రాస్తున్నాను. పేరు తిరిగి వచ్చింది, కొలిమి రాలేదు.

నీ గురించి ఆ రోజు ఆయన ఏమీ అనలేదు. నేను అడగలేదు.

పోయిన వారం నాలుగు రోజులు వానలు కురిశాయి. కుంటలో మోకాలి పైకి నీళ్లు నిలిచాయి. నీళ్లు తేరుకోవడానికి రెండురోజులు ఆగి, మన ఆడవాళ్లు కడవలు తీసుకుని ఎవరినీ అడగకుండా దిగారు. మీ అక్క దిగబోతుంటే వెనక నుంచి బొజ్జన్న పిలిచాడు. తన ఇంటి ఇత్తడి బిందె తెచ్చుకున్నాడు. కుంటలోకి దిగి నింపుకుని, భుజాన పెట్టుకుని, పేట నడివీధిన మన ఇంటిదాకా నడిచి వచ్చాడు. ఈ నలభై ఏళ్లలో ఆయన మన వీధిలో కాలు పెట్టడం నేను చూడలేదు. అరుగు మీద బిందె దించి, తువ్వాలుతో ముఖం తుడుచుకుని, నాతో అన్నాడు:

"లేవికి రాయప్పా. ఆ పొద్దు వాన్ని నీళ్లకు పంపింది నేను. మొన్న నన్ను పంపింది వాడు. ఈసారి ఎవురూ పంపకుండానే తెచ్చినా అని రాయి."

బిందె తీసుకుపొమ్మంటే, వాడు వచ్చి తాగినాక పంపండి అని వెళ్లిపోయాడు. మీ అక్క దాని మీద మూత పెట్టి ఉంచింది. ఎవరినీ ముట్టనివ్వడం లేదు. సెలవు దొరకలేదని ఈసారి రాయవద్దు.

ఏసేపు